పదహారు డజన్ల అద్దాలు

ఆ ఆదివారం పొద్దున లీలాకుమారి ఫిలింనగర్ లేసుల కొట్టు ముందు నిలబడి, మూసిన షట్టరు మీద అంటించిన కాగితాన్ని మూడోసారి చదివింది. ఎన్నిసార్లు చదివినా అందులో అదే ఉంది.

"షాపు ఎత్తివేయడమైనది. అద్దాలు, చెమ్కీలు, లేసులు, కుచ్చులు ఇక దొరకవు. దయచేసి షట్టరు కొట్టరాదు."

లీలాకుమారి షట్టరు కొట్టింది.

ఆమె వెనక రెండడుగుల దూరంలో అక్క కూతురు బాల నిలబడి ఉంది. పూర్తి పేరు బాలాత్రిపురసుందరి. అంత పొడుగు పేరున్న పిల్ల నోట్లోంచి రోజుకి పది మాటలు రావడం గగనం. తణుకు దగ్గర పల్లెటూరి బడిలో పదో తరగతి పరీక్షలు రాసింది. ఫలితాలు వచ్చేదాకా పిన్నికి సాయంగా ఉండమని ఇంట్లోవాళ్ళు బస్సెక్కిస్తే హైదరాబాదు వచ్చింది. అది తొంభైమూడు మే నెల. ఇరవై రోజుల్లో ఈ ఊరికి అలవాటు పడడానికి బాల కనిపెట్టిన ఉపాయం ఒక్కటే, చీటీ. ఏది తెమ్మన్నా కాగితం మీద ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుని వెళ్ళేది. ఆ కాగితం కొట్టువాడి చేతిలో పెట్టి తన చెప్పుల వంక చూస్తూ నిలబడేది. పైకి అనలేని మాటలన్నీ డైరీలోకి పోయేవి. జనవరిలో మొదలైన డైరీ అప్పుడే డిసెంబరు పేజీల్లో పడింది.

మేడ మీద కిటికీ తెరుచుకుంది. కొట్టు యజమాని వీరరాఘవయ్య నోట్లో పళ్ళపొడి నురగతో తొంగిచూశాడు.

"కాగితం చూళ్ళేదా అమ్మా?"

"చూశానండీ. చూశాకే కొట్టాను."

ఆయన నోరు కడుక్కుని కిందికి వచ్చి షట్టరు సగం ఎత్తాడు. లోపల అరలన్నీ బోసిగా ఉన్నాయి. నేల మీద ఎర్ర చెమ్కీ రవ్వలు మాత్రం అక్కడక్కడా మెరుస్తున్నాయి.

"సినిమా కంపెనీలన్నీ మద్రాసులో కుట్టించి పెట్టెల్లో తెప్పించుకుంటున్నాయి. ఇక నా దగ్గరికొచ్చేది మీరూ, పెళ్ళికూతుళ్ళ మేనత్తలూనూ. మొన్న శుక్రవారం ఒకాయనొచ్చి సరుకంతా గంపగుత్తగా ఎత్తుకుపోయాడు. రేపట్నుంచి ఇక్కడ ఎస్టీడీ బూత్."

"మరి నా లంగాలకి అద్దాలో? మీ టెలిఫోన్లు కుట్టనా?"

"కుట్టండి. గజ్జెల ఖర్చు కలిసొస్తుంది."

అన్నాడే గాని, ఆయనకీ మనసు చివుక్కుమంది. లోపలికి వెళ్ళి, బట్టలు తొడిగి చూసే తల లేని చెక్కబొమ్మని చంకన పెట్టుకుని వచ్చాడు. "దీన్నెవరూ కొనలేదు. మా ఆవిడ చీకట్లో చూసి రెండుసార్లు జడుసుకుంది. తీసుకుపోండి, పుణ్యముంటుంది."

అద్దాల కోసం వెళ్ళినవాళ్ళు బొమ్మని మోసుకుని ఇంటికి వచ్చారు. దారి పొడుగునా బాల బొమ్మ నడుము పట్టుకుని నడిచింది. ఎదురైన ప్రతివాడూ మొదట బొమ్మ మెడ వంకా, తరవాత ఆమె మొహం వంకా చూశాడు.

ఇంట్లో దండెం మీద ఎనిమిది ఎర్ర లంగాలు వేలాడుతున్నాయి. తొమ్మిదేళ్ళు ఇంకొకరి మిషన్ కింద కాజాలు కుట్టి, గుండీలు కుట్టి, మొదటిసారి లీలాకుమారి తన పేరు మీద తెచ్చుకున్న పని అది. సినిమా పాటలో ఎనిమిది మంది డాన్సర్లు, ఒక్కో లంగా అంచుకి రెండు డజన్ల అద్దాలు. సోమవారం పొద్దున ఏడింటికి కాస్ట్యూములు చూసే వీరభద్రం వస్తాడు. సిద్ధంగా ఉంటే పట్టుకెళ్తాడు, లేకపోతే మద్రాసు పెట్టె విప్పుతాడు. పిన్ని మళ్ళీ కాజాల దగ్గరికి వెళ్తుంది. పని ఇచ్చేటప్పుడే ఆయన సణిగాడు కూడా. "పోయిన పాటలో అద్దాలు పగిలి ఇద్దరమ్మాయిల కాళ్ళు కోసుకుపోయాయి. ఈసారి కాస్త గట్టిగా కుట్టమ్మా."

గట్టిగా కుట్టడానికి అసలు అద్దాలే లేవు. ఆదివారం బేగంబజారు మూత. ఎర్రగడ్డ సంతలో పాత సైకిళ్ళు దొరుకుతాయి గాని పావలా అంత అద్దాలు దొరకవు.

పిన్ని తల పట్టుకుని కూర్చున్న సమయానికి పాలు పోసే రాజమ్మ వచ్చింది. షేక్‌పేట మనిషి. కొత్తగా వచ్చిన కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకుంటూ గిన్నెలో పాలు పోసింది.

"ఏందమ్మ, గట్ల కూసున్నవ్?"

"అద్దాలు కావాలి రాజమ్మా. పదహారు డజన్లు. ఎక్కడా లేవు."

"అద్దాలకు గింత ఫికరా? మా షేక్‌పేట్ల జంగయ్య తాన దొరుకుతయ్. నేను గాడనే తీసుకున్న."

ఆవిడ ఏ అద్దాలు తీసుకుందో పిన్ని అడగలేదు. లంగాల అంచులు మడవాల్సిన పని ఇంకా ఉంది. బాల వైపు చూసింది. బాల అప్పటికే చీటీ రాస్తోంది.

"గుండ్రటి అద్దాలు. పదహారు డజన్లు."

బండరాళ్ళ మధ్య కాలిబాటన రాజమ్మ ముందు, బాల వెనక షేక్‌పేటకి దిగారు. బజారు మూల మీద రాజమ్మ వేలితో ఒక కొట్టు చూపించి తన బర్రెల దగ్గరికి వెళ్ళిపోయింది. బాల మెట్టెక్కి, తల వంచుకునే చీటీ అందించింది.

జంగయ్య దాన్ని దగ్గరగా పెట్టుకుని చదివాడు. దూరంగా పెట్టి చదివాడు. తన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"పదారు డజన్లా? ఏందమ్మ, మీ గల్లీ మొత్తానికి ఒక్కపారే కండ్లు కనవడ్తలేవా?"

బాల చెప్పుల వంక చూసింది.

"నంబరెంత? దూరపువా, దగ్గరివా?"

బాలకి ఏమీ అర్థం కాలేదు. అద్దాలకి దూరమేమిటి, దగ్గరేమిటి? బదులు రాకపోయేసరికి, పాపం ఈ పిల్లకే చూపు మందమనుకున్నాడు జంగయ్య. స్టూలు మీద కూర్చోబెట్టి, ఒక కన్ను అట్టముక్కతో మూసి, గోడ మీది అక్షరాల అట్ట చూపించాడు.

"సదువు బిడ్డా."

ఎదురుగా తెలుగు అక్షరాలు, ఎవరో పెద్దాయన చదవమంటున్నాడు. ఇది మాత్రం బాలకి తెలిసిన పనే. పల్లెటూరి బడిలో పదేళ్ళు చేసిందదే. వెన్ను నిటారుగా పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, బజారు మొత్తానికి వినబడేలా అందుకుంది.

"గ, త, న, ల. చ, ప, ర, వ, ద. ఠ, మ, య, ఘ, స, ళ." కింది వరసలోని చీమంత అక్షరాలు కూడా వదలకుండా చదివి, ఊపిరి పీల్చుకుని, ఇంకో కన్నుతో కింది నుంచి పైకి అప్పజెప్పింది.

పక్క కొట్టులో ఉల్లిపాయలు తూస్తున్నతను తక్కెడ పట్టుకునే తొంగిచూశాడు.

"నీ కండ్లు గద్ద కండ్ల లెక్కున్నయ్," అన్నాడు జంగయ్య. "మరి అద్దాలెవరికి?"

అంతసేపు పెద్దగా చదివిన గొంతు ఇంకా మూతపడలేదు. "లంగాలకండీ," అనేసింది బాల.

జంగయ్య చీటీ ఇంకోసారి చూసుకున్నాడు.

"లంగలకు కండ్లు కనవడ్తలేవా?"

బాల చుట్టూ చూసింది. అద్దాల పెట్టెలో వరసలు వరసలుగా కళ్ళజోళ్ళు. రాజమ్మ ముక్కు గుర్తొచ్చింది. ముందు బుగ్గలు కందాయి, తరవాత భుజాలు కదిలాయి, ఆ తరవాత కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. హైదరాబాదు వచ్చాక అదే మొదటి నవ్వు. నవ్వుతూనే లంగాలూ డాన్సర్లూ రేపు పొద్దున ఏడుగంటలూ మొత్తం చెప్పేసింది. అన్ని మాటలు తనలో ఉన్నాయని తనకే తెలియదు.

"గసొంటి అద్దాలు నా తాన లెవ్వు బిడ్డా," అన్నాడు జంగయ్య నిజంగానే బాధపడుతూ.

కొట్టు దిగబోతూ బాల పైకి చూసింది. అటక మీద అట్టపెట్టెలోంచి జిగేలుమంటూ ఏవో వేలాడుతున్నాయి. ఒక్కోదాంట్లో తన మొహం రెండేసిసార్లు కనిపించింది.

"అవేంటండీ?"

"చలువ అద్దాలు. జాతరల అమ్ముదామని తెచ్చిన. జాతర నాడే మబ్బు వట్టింది, ఒక్కడు కొంటే ఒట్టు. ఏడు డజన్లున్నయ్. గుండ్రంగ లెవ్వు మరి."

"గాజువా?"

"ప్లాస్టిక్. ఎద్దు దొక్కినా పల్గవు." ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. టప్‌మని అద్దం ఊడి బాల అరచేతిలో పడింది. ఒకవైపు లావుగా, ఇంకోవైపు సన్నగా కోసుగా ఉంది. బాల దాన్ని ఒక పక్కకి వాల్చింది. ఊడిన రెండోదాన్ని రెండో పక్కకి వాల్చింది. అమ్మ పట్టుచీర అంచు మీద మామిడి పిందెలు అచ్చం అలాగే ఉంటాయి.

అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని ఎగువకి నడుస్తుంటే బాలకి పరిగెత్తాలనిపించింది. పరిగెత్తింది కూడా.

పెట్టె విప్పి చూసిన పిన్ని మాత్రం నేల మీద చతికిలపడింది. "నేను తెమ్మన్నదేంటే, నువ్వు తెచ్చిందేంటే? వీటిని పెట్టుకుని ఎవరు ఎగరాలి, నేనా?"

బాల కిటికీ దగ్గరికి వెళ్ళి ఒక అద్దాన్ని ఎండలో పట్టింది. వెలుగు ముద్ద గోడ మీదికి ఎక్కి, దండెం మీద గెంతి, పిన్ని ముక్కు మీద కూర్చుంది. పిన్ని తుమ్మింది.

తుమ్మిన మనిషి కిరసనాయిలు స్టవ్ వెలిగించి సూది కాల్చింది. ప్లాస్టిక్‌లో సూది వెన్నలో దిగినట్టు దిగింది. మొదటి రెండు అద్దాల్నీ పక్కపక్కనే కుట్టి బొమ్మకి లంగా తొడిగి చూస్తే, మోకాళ్ళ కింద నుంచి రెండు కళ్ళు వాళ్ళని ఉరిమి చూశాయి.

"ఇది లంగానా, లంగా కట్టిన పోలీసా?" అంది పిన్ని.

బాల ఆ రెండూ విప్పి, ఒకటి కుడికీ ఒకటి ఎడమకీ వాల్చి, మధ్య బెత్తెడు జాగా వదిలి, అంచు కిందికి వేలాడేలా పట్టుకుంది. పిన్ని సూదిలో దారం ఎక్కించింది.

ఆ తరవాత ఇంట్లో మాటల కన్నా టప్ టప్ చప్పుళ్ళే ఎక్కువ. సాయంత్రం పాలతో వచ్చిన రాజమ్మ కూడా కూర్చుని అద్దాలు ఊడదీసింది. లంగాకి ఇరవైనాలుగు బదులు ఇరవైఒకటే వస్తున్నాయని పిన్ని మళ్ళీ మళ్ళీ లెక్కపెడుతుంటే, "కెమెరా తోలెటాయన లెక్కవెడ్తడా?" అని కొట్టిపారేసింది. సూదికి మూడు కాలిపోయి ఒక లంగాకి పద్దెనిమిదే మిగిలాయి. అది అందరికన్నా సన్నపాటి అమ్మాయిదని తేల్చారు. ఖాళీ ఫ్రేములు వీధి పిల్లలు పట్టుకుపోయారు. రాత్రి పదింటికి ఎనిమిదో లంగా దండెం ఎక్కింది.

సోమవారం ఏడింటికి వీరభద్రం స్కూటరు దిగేసరికి వీధి మొదట్లో ఇరవై మంది పిల్లలు అద్దాలు లేని కళ్ళజోళ్ళు పెట్టుకుని ఆయన్ని సీరియస్‌గా చూశారు. ఆయన తడబడుతూ లోపలికి వచ్చాడు. లోపల బొమ్మ లంగాలోంచి ఇరవైఒక్క మంది వీరభద్రాలు ఆయన్ని చూశారు.

"ఏంటమ్మా ఇవి?"

రాత్రంతా కలలో కూడా జవాబులు చెప్పుకున్న పిన్ని బొమ్మ లంగా కుచ్చిళ్ళు సర్దడం మొదలుపెట్టింది. వీరభద్రం వాచీ చూసుకున్నాడు. మద్రాసు పెట్టె స్కూటరు వెనకే కట్టి ఉంది.

"అద్దాలండీ," అంది బాల.

తన వెనక ఎవరో అన్నారనుకుంది పిన్ని.

"అద్దాలు గుండ్రంగా కదా ఉండాలి?"

"ఇవి మామిడి పిందెలండీ. పగలవు, కాళ్ళు కోసుకోవు. తొక్కి చూడండి."

వీరభద్రం ఒక అంచు నేల మీద పరిచి బూటుతో తొక్కాడు. రెండో బూటు కూడా ఎక్కించాడు. చివరికి రెండు కాళ్ళతో గెంతాడు. అద్దం చెక్కుచెదరలేదు. ఒంగి, అంచుని మొహం దగ్గరికి తెచ్చుకుని, లోపలి వైపు నుంచి కన్నుపెట్టి వాకిట్లోకి చూశాడు.

"ఇదేంటి, ఇందులోంచి కనిపిస్తోంది. చల్లగా కూడా ఉంది," అన్నాడు లంగాలోంచే. "అసలివి ఏ అద్దాలమ్మాయ్? చూసుకునేవా, పెట్టుకునేవా?"

"రెండూనండీ."

ఆయన లంగా కిందికి దించాడు. మీసం అదిరింది. నవ్వు బయటపడకుండా దగ్గి, ఎనిమిది లంగాలూ మడిచి స్కూటరు ముందు పెట్టుకున్నాడు. మద్రాసు పెట్టె వెనకే ఉండిపోయింది, ముడి విప్పకుండా.

మధ్యాహ్నం రెండున్నరకి వీరరాఘవయ్య లుంగీ ఎగగట్టి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "లీలాకుమారి గారూ, నా బూత్‌కి వచ్చిన మొదటి ఫోనే మీదండీ. స్టూడియో నుంచి వీరభద్రం గారు. లంగాలు తిరుగుతుంటే సెట్టంతా మెరుపులేనట. కెమెరా ఆయన తన మొహం తనకే కనిపిస్తోందని రెండుసార్లు జుట్టు దువ్వుకున్నాడట. ఇంకో పాటకి పన్నెండు కావాలట, అవే అద్దాలు."

పిన్ని చెక్కబొమ్మని కావలించుకుంది. తల లేకపోబట్టి సరిపోయింది గాని, ముద్దు కూడా పెట్టేదే.

సాయంత్రం బాల ఒక్కతే షేక్‌పేట దిగింది. జంగయ్య దూరం నుంచే చెయ్యి చాపాడు.

"ఏది, చీటీ?"

"లేదండీ. అద్దాలు కావాలి. ఈసారి పన్నెండు డజన్లు."

"దొరుకుతయ్ తియ్, తెప్పిస్త. కండ్లకా, లంగలకా?"

ఉల్లిపాయలతను తక్కెడ పట్టుకుని తొంగిచూశాడు. బాల అతనికి కూడా వినబడేలా చెప్పింది.

"లంగాలకే. మీ అట్ట కూడా చదవమంటే చదువుతాను."