సగం తెగిన అక్షరం

సోమవారం అంటేనే ఆమెకు ఎక్కడలేని చిరాకు. ఆ డిజైన్ కంపెనీలో 'గోడ' అని ఒక ఆచారం ఉంది. వారం రోజుల్లో ఎక్కడో చూసి మనసు పారేసుకున్న కొత్త పని ఒకటి, పోస్టరో పుస్తకం అట్టో సబ్బు పెట్టో, అందరూ తలా ఒకటి తెచ్చి సోమవారం గోడకు గుచ్చాలి. ఎవరు చేశారో మాత్రం రాయకూడదు. "పేరు చూస్తే పని కనబడదు" అనేది పెద్దసారు సిద్ధాంతం. పేరు లేకపోతే ఎత్తుకొచ్చేటప్పుడు చెయ్యి వణకదన్నది ఆయన పైకి చెప్పని సగం.

ఆ గోడ చూస్తే ఎవరికైనా ఏవగింపు పుట్టాల్సిందే. ఒకే తల్లి కడుపున పుట్టినట్టు అన్నీ ఉబ్బిన అక్షరాలే, పాలిపోయిన గులాబీ రంగే. వాటి ముందు చేతులు కట్టుకుని నిలబడి "అబ్బ, ఎంత కొత్తగా ఉందో!" అని నిట్టూర్చేవాళ్లను చూస్తే ఇంకా రోత. ఆఫీసులో ఆమెకు మిల్లీమీటరు అని పేరు పెట్టారు. రెండు అక్షరాల మధ్య సందు మిల్లీమీటరు ఎక్కువైతే ఆమెకు ఆ పూట ముద్ద దిగదని వాళ్ల వేళాకోళం. ముద్ద దిగేది గాని, తిట్టుకుంటూ దిగేది.

అలాంటి మనిషికి ఏళ్ల తరవాత ఒక పని నిజంగా నచ్చింది. అది ఆమె అత్తగారి మందుల డబ్బాలో దొరికింది.

అత్తగారికి చూపు బాగా మందగించింది. అయినా "నా మందులు నేనే చూసుకుంటాను. ఒకళ్ల చేత చెప్పించుకునే గతి నాకింకా పట్టలేదు" అనేది, కోడలు సాయానికొస్తే కసురుకునేది. ఆ ధీమా అంతా ఆసుపత్రి మందుల కౌంటరు దగ్గర కూర్చునే కాంపౌండరు చలవ. ఆయనకూ సోడాబుడ్డి కళ్లద్దాలే. అచ్చు చీటీలు ముసలివాళ్లకు కనబడవని, లావు కలంతో తనే చీటీలు రాసి అంటించేవాడు. పొద్దుటి మాత్రకు అక్షరం ఎడమ అంచున, మధ్యాహ్నానిదైతే నడుమ, రాత్రిదైతే కుడి అంచున. ఒంటిమీద పూసుకునే మందు సీసాకు మాత్రం ఒకే ఒక్క నల్లటి అక్షరం, చీటీలో పట్టనంత పెద్దది, సగానికి తెగి ఉండేది. తెగిన అక్షరం ఉంటే నోట్లో పోసుకోకూడదని చుట్టుపక్కల వీధుల్లో చూపు ఆనని ముసలివాళ్లందరికీ తెలుసు.

ఆమె ఆ సీసా పట్టుకుని మంచం మీద కూలబడిపోయింది. ఒక్క గీత కూడా సోకు కోసం గీసింది కాదు. మసక కళ్లకు అలుక్కుపోకుండా అక్షరం పొట్టలోని ఖాళీలన్నీ విప్పి రాశాడు. ఎంత సంతోషం కలిగిందంటే, ఆ సంతోషంలో బుద్ధి గడ్డి తిని, సోమవారం ఆ చీటీ తీసుకెళ్లి గోడకు గుచ్చింది.

పెద్దసారు దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు. "ఏ దేశంలో స్టూడియో వాళ్లది ఇది?"

"ఆసుపత్రి కాంపౌండరుది సార్. తాగకూడదని చెప్పే గుర్తు అది."

"తాగకూడదంటే తాగాలనిపిస్తుంది కదూ! మనం ఇప్పుడు చేస్తున్న కూల్‌డ్రింకు సీసాకు ఇదే పెట్టండి."

"సార్, అది చూసే ముసలివాళ్లు మందు గుర్తుపడతారు."

"మన సరుకు కుర్రాళ్లకమ్మా, ముసలివాళ్లకెందుకు?"

ఆ పని చచ్చినా ముట్టుకోనని ఆమె చెప్పేసింది. మూడు రోజులు ఆ మాట మీదే నిలబడింది. నాలుగో రోజు, పక్క టేబుల్ మీద మిగతావాళ్లు చేసిన నమూనా కంటబడింది. అక్షరాన్ని తెగకూడని చోట తెగ్గోశారు. విరిగిన పన్నులా ఉంది. మంచినీళ్లకని లేచిన మనిషి గ్లాసు అక్కడే పెట్టేసి, "లే, జరుగు ముందు" అని అది గీస్తున్నవాడి కుర్చీలో కూర్చుంది. పొట్ట విప్పింది, గీత లావు చేసింది, కోత పైకి జరిపింది. భోజనాల వేళకు అది కాంపౌండరు గీసినదానికంటే బాగా వచ్చింది. వెనకాల చప్పట్లు వినబడేదాకా తనేం చేస్తోందో తనకే తెలియలేదు. దొంగతనం చెయ్యనని పంతం పట్టిన మనిషి, దొంగతనం అందంగా లేదని దిద్దిపెట్టింది.

తన చేతుల మీద తనకే అసహ్యం వేసింది. అయినా ఫైలు చెరిపేయలేదు.

ఎండలు ముదిరేసరికి ఆ కూల్‌డ్రింకు సీసా లేని కొట్టు లేదు. బస్టాపుల్లో మనిషంత అక్షరం, సగం తెగి నిలబడింది. నెల మందుల కోసం అత్తగారిని ఆసుపత్రికి తీసుకెళ్లినప్పుడు, కాంపౌండరు పూతమందు సీసాల మీద తన చీటీలన్నీ గోరుతో గీకేస్తున్నాడు. వాటి చోట చీమల బారుల్లాంటి అచ్చు చీటీలు అంటిస్తున్నాడు.

"ఏం బాబూ, పీకేస్తున్నావు?" అంది అత్తగారు.

"మొన్న ఒక పెద్దాయన సీసా మూత తీసి, ఇది కూడా తియ్యగానే ఉంటుందా అని అడిగాడమ్మా. అడిగాడు కాబట్టి బతికిపోయాడు." ఆయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "ఆ కూల్‌డ్రింకు అక్షరం గీసిందెవరో గాని మహా పనిమంతుడు. ఆ కోత నాకెప్పుడూ అంత తిన్నగా కుదరలేదు."

ఇరవై ఏళ్ల ఉద్యోగంలో ఇంతకంటే గొప్ప మెప్పు ఆమెకు దొరకలేదు.

"నేనే గీశాను. మీ చీటీ చూసే గీశాను" అంది.

ఆయన ఆమెను ఒకసారి చూసి, అచ్చు చీటీ అంటించిన సీసా అత్తగారి ముందు పెట్టాడు. అత్తగారు దాన్ని కళ్ల దగ్గరకు తెచ్చుకుంది, దూరంగా పెట్టింది, వెలుతురుకు తిప్పింది. కాసేపటికి చెయ్యి చాచి దాన్ని కోడలికి అందించింది.

"ఏం రాసుందో చదివిపెట్టమ్మా" అంది.