దాపటెద్దు

గేదె డొక్కకు తల ఆనించి పాలు పితుకుతున్న గ్రేసమ్మ, చెంబు సగం నిండాక ఆగి ఆకాశం వంక చూసింది. మబ్బు చెదిరిపోయింది. తెల్లవారుజామునే చేనికి పోయి మన్ను పిడికిట పట్టి చూసి వచ్చింది. ముద్ద కట్టి, వేలితో తాకగానే విడిపోయింది. విత్తడానికి అంతకన్నా మంచి పదును ఉండదు. ఎండ కాస్తే రేపటికి పైమన్ను ఆరిపోతుంది. రేపటిదాకా ఆగే వీలూ లేదు. సాయంత్రం మైలోణ్ణి తీసుకుపోవడానికి బండి వస్తుంది.

"ఏమే, ఇంకా ఎంతసేపు?" అన్నాడు దొడ్లోంచి ఆమె భర్త నెహెమ్యా.

"గేదెనడుగు. అది చేపితే గదా నేను లేచేది."

మైలోడు వాళ్ళ ఎద్దు కాదు. పక్కింటి మస్తానమ్మది. ఇరు ఇళ్ళ మగవాళ్ళకూ జత ఎడ్లు కొనే స్తోమత లేని రోజుల్లో, నెహెమ్యా, మస్తానమ్మ భర్త తిరుపతయ్య కలిసి సంతకు పోయి తలా ఒక గిత్తను కొనుక్కొచ్చారు. ఎర్రోడు వీళ్ళది, బూడిదరంగు మైలోడు వాళ్ళది. ఎర్రోడికి వలపట పక్క, అంటే కుడివైపు, నడక నేర్పారు. మైలోడికి దాపట, ఎడమవైపు. ఆ జతతోనే రెండు ఇళ్ళ పొలాలూ సాగాయి. తిరుపతయ్య పోయాక కూడా సాగాయి. ఈ ఏడు మస్తానమ్మ మోకాళ్ళు మొరాయించాయి. పొలం మిరపతోటకు కౌలుకిచ్చింది. మిరపకట్టె ఎద్దు తినదు. మేత లేని ఇంట్లో ఎద్దు ఎందుకని ఆమె కొడుకు రవి బేరం పెట్టాడు. అందులో తప్పు పట్టడానికి గ్రేసమ్మకేమీ కనపడలేదు. విత్తేదాకా ఆగమని మాత్రం అడిగింది. ఆగారు.

బూడిద కలిపి కుండలో దాచిన జొన్నల్ని చేటలో పోసి చెరిగింది. కందులు వేరే గుడ్డలో మూటగట్టింది. వాళ్ళు బజారులో కొనేది ఉప్పు, చక్కెర, సబ్బులు, నెహెమ్యా మాత్రలు. తక్కినవన్నీ ఆ ఎకరన్నర చేలోంచే రావాలి. తినడానికి జొన్నలు, పప్పుకు కందులు, గేదెకు చొప్ప, పొయ్యిలోకి కందికట్టె, గట్టు మీద గోంగూర, దోస, అలసంద. పేటలో ఆటో తోలే కొడుకు స్టీఫెన్ వచ్చిన ప్రతిసారీ ఒక సంచి నింపుకుపోతాడు. "మా అమ్మ సూపర్ మార్కెట్టు" అంటాడు. చేను విత్తకపోతే ఆ మార్కెట్టు ఏడాది పొడుగునా మూతబడుతుంది.

చేలో మస్తానమ్మ ముందే వచ్చి కూర్చుని ఉంది. విత్తనాలు వేసే గొర్రుకు పసుపు రాసి బొట్టు పెట్టింది. నెహెమ్యా తలగుడ్డ తీసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. ఆయన ఆమెన్ అన్నాక ఆమె కొబ్బరికాయ కొట్టింది. ప్రతి ఏడూ అంతే.

"నడవలేవు గదా వదినా, ఎందుకొచ్చావు?" అంది గ్రేసమ్మ.

"నడవకపోతే నీ కందిసాళ్ళు ఎవురు పోస్తారు? మీ ఆయన పోస్తాడా?"

నెహెమ్యా గొర్రు పట్టి ఎడ్లను అదిలించాడు. గొర్రు మీద చెక్క గిన్నె, దాని చిల్లుల్లోంచి నేలలోకి దిగిన వెదురు గొట్టాలు. గ్రేసమ్మ పక్కనే నడుస్తూ గిన్నెలోకి పిడికిలి వదులు చేసి జొన్నలు జారవిడిచింది. చెయ్యి ఆగకూడదు, తొందరపడకూడదు. పెళ్ళయి ఎడ్లపాడు నుంచి వచ్చిన ఏడు, ఆకాశంలో విమానం చూస్తూ చెయ్యి ఆపింది. మొలకలు వచ్చాక చేను నడుమ బోడి చార కనపడింది. కోత అయ్యేదాకా అత్త ప్రతివాళ్ళనూ తీసుకొచ్చి చూపించింది. ఆ తర్వాత ఇన్నేళ్ళలో గ్రేసమ్మ విత్తేటప్పుడు తల ఎత్తలేదు. వెనక తాడుతో కట్టిన గొట్టం పట్టుకుని, కందులు పోస్తూ మస్తానమ్మ కుంటుతూ వచ్చింది.

మధ్యాహ్నం ఎడ్లను విడిచి, గట్టు మీద సంకటీ గోంగూర పచ్చడీ తిన్నారు. రవి వచ్చాడు. క్వారీలో టిప్పర్ తోలతాడు. ఇవాళ లీవు పెట్టాడు.

"అత్తా, బేరగాడు ఫోన్ చేశాడు. బండి ముందే వస్తదంట. నడికుడిలో ఇంకో ఎద్దును ఎక్కించుకోవాలంట."

గ్రేసమ్మ విత్తాల్సిన నేల వంక చూసింది. నాలుగోవంతు మిగిలి ఉంది.

"సాళ్ళు అయ్యేదాకా ఎద్దు కదలదు. ఆ బండోణ్ణి గట్టు మీద కూకోమను" అంది మస్తానమ్మ.

"అట్ట కాదే అమ్మా..."

"నీకంత తొందరైతే నువ్వే కాడి కింద మెడ పెట్టు."

రవి నవ్వలేదు. మామకు శ్రమ తగ్గిద్దామని తనే పోయి ఎడ్లను కట్టాడు. నెహెమ్యా అదిలిస్తే కదల్లేదు. మైలోడు ఎర్రోడి వైపు తిరిగాడు, ఎర్రోడు వెనక్కి తగ్గాడు, కాడి అడ్డం తిరిగింది.

"ఏందిరా ఇయ్యాళ వీటికి?" అన్నాడు రవి.

మస్తానమ్మ లేచి చూసింది. "ఒరేయ్, దాపటోణ్ణి వలపట కట్టావు గదరా! నీ టిప్పర్ స్టీరింగు పీకి ఎడంపక్క పెడితే తోలతావా?"

అప్పుడు నవ్వాడు. మార్చి కట్టాక ఎడ్లు ఎవరూ అదిలించకుండానే కదిలాయి.

ఇంకా సాళ్ళు మిగిలి ఉండగానే డొంకదారిలో బండి ఆగింది. డ్రైవరు నౌషాద్ దిగి వాచీ చూసుకున్నాడు. గ్రేసమ్మ తల ఎత్తలేదు. రవి చెంబుతో మజ్జిగ ఇచ్చి అతణ్ణి కూర్చోబెట్టాడు. చివరి సాలు గట్టును తాకేదాకా ఆమె పిడికిలి ఆగలేదు.

కాడి దించారు. రవి మైలోణ్ణి బండి దగ్గరికి నడిపించాడు. ఏటవాలుగా వేసిన బల్ల మీద ముందు కాళ్ళు పెట్టి మైలోడు ఆగిపోయాడు. నౌషాద్ ముకుతాడు లాగాడు. రవి వెనకనుంచి నెట్టాడు. మైలోడు దిగిపోయాడు. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ దిగాడు. నౌషాద్ కర్ర తీశాడు.

"కొట్టబాక!" అని అరిచింది మస్తానమ్మ. దగ్గరికి మాత్రం రాలేదు. ఒళ్ళో మిగిలిన కందుల్లోంచి రాళ్ళు ఏరుతూ కూర్చుంది.

మైలోడు మాటిమాటికీ తల కుడివైపు తిప్పుతున్నాడు. గ్రేసమ్మ అది చూసింది. తర్వాత పోయి ఎర్రోడి పగ్గం విప్పింది.

"ఏందే?" అన్నాడు నెహెమ్యా.

"వాడు ఒంటిగా ఎప్పుడు నడిచాడు?"

ఎర్రోణ్ణి తీసుకొచ్చి మైలోడి కుడిపక్కన నిలబెట్టింది. తను ముందు నడిచింది. రెండు ఎడ్లూ బల్ల మీద భుజాలు రాసుకుంటూ, చేలో నడిచినట్టే నడిచి బండి ఎక్కాయి. నౌషాద్ మైలోణ్ణి కట్టేశాడు. ఎర్రోణ్ణి వెనక్కి దించడానికి చాలాసేపు పట్టింది. గ్రేసమ్మ వాడి మొహాన్ని పొట్టకు ఆనించుకుని, చిన్నగా అడుగడుగూ నెట్టుకుంటూ దించింది.

"దీన్ని గూడా ఇస్తారా అమ్మా? ఒంటెద్దు మీకెందుకు?" అన్నాడు నౌషాద్, మర్యాదగానే.

"వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు. నువ్వు పో నాయనా."

నెహెమ్యా తలగుడ్డ విప్పి, దులిపి, మళ్ళీ చుట్టుకున్నాడు. బండి డొంక మలుపు తిరిగింది. మస్తానమ్మ లేచి, ఏరిన కందులు గ్రేసమ్మ కొంగులో పోసింది.

"రేత్రికి పప్పు చెయ్యబాక వదినా. విత్తనాలకు దాచు."

"సరే."

ఇద్దరూ మెల్లగా ఇంటి దారి పట్టారు. రవి గొర్రు మోసుకుని వెనక నడిచాడు. నెహెమ్యా కాడిని భుజాన వేసుకొచ్చి దొడ్డి గోడకు ఆనించాడు. కట్టెయ్యకముందే ఎర్రోడు నడిచిపోయి దాని పక్కన, వలపట వైపు నిలబడ్డాడు. కాడి రెండో కొసన, ఏళ్ళ తరబడి మెడ రాసి నునుపెక్కిన చోట, చెమట తడి ఇంకా ఆరలేదు. దానికి బూడిదరంగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి.