సగంలో ఆగిన స్లాబ్

గేటు దగ్గర వాచ్‌మన్ ఖాళీ డబ్బా మీద కర్రతో కొట్టాడు. పన్నుల ఆఫీసు జీపు వచ్చిందని దానర్థం. ఆ చప్పుడు వింటే ఏం చేయాలో సైటులో అందరికీ తెలుసు. లెక్కల్లో చూపించిన నలుగురు పనిలో ఉంటారు, మిగతావాళ్లు మాయమైపోతారు. కాంట్రాక్టరు ఏళ్ల తరబడి ఇలాగే నెట్టుకొస్తున్నాడు. ప్రతి మనిషికీ పన్నూ, పింఛను వాటా కడుతూ పోతే తనకు మిగిలేది బూడిదేనని అతని వాదన.

కానీ ఇవాళ స్లాబ్ వేస్తున్నారు. స్లాబ్ మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. పోసింది గట్టిపడ్డాక దాని పక్కన కొత్త కాంక్రీటు పోస్తే రెండూ కలవవు, అక్కడే పగులుతుంది. కొట్టేసి మళ్లీ వేయాలంటే అతను ఇల్లమ్ముకోవాల్సిందే. అంతా తెలిసి కూడా అలవాటు కొద్దీ జనం దాక్కున్నారు, అలవాటు కొద్దీ అతనూ ఊరుకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ మెట్లెక్కి వచ్చి, మోకాళ్లు పట్టుకుని సిమెంటు బస్తా మీద కూలబడింది.

"ఎంతమంది చేస్తున్నారండీ?"

"నలుగురండీ."

"ఇంత స్లాబుకి నలుగురేనా?"

"గట్టివాళ్లండీ," అన్నాడు కాంట్రాక్టరు. ఆ మాట అతనికే సిగ్గుగా తోచింది.

ఆవిడకి వాదించే ఓపిక ఉన్నట్టు లేదు. మంచినీళ్లడిగింది. అతను టీ కూడా తెప్పించాడు, బుద్ధి గడ్డి తిని. ఆవిడ ఊదుకుంటూ నింపాదిగా తాగుతోంది. అవతల మిక్సరు ఉత్తినే తిరుగుతోంది. ఎండ మండిపోతోంది. నలుగురూ తలో మూలా పార పట్టుకుని అతని మొహం వంక చూస్తున్నారు.

అతను వెళ్లి కాంక్రీటు అంచు మీద బొటనవేలు నొక్కాడు. దిగింది గానీ, మొండికేసి దిగింది. పన్ను కట్టడం కన్నా ఈ దాగుడుమూతలే ఎక్కువ అలుపనిపించింది.

"బావా! ఇక చాలు, అందర్నీ తీసుకుని రండి!" అని అరిచాడు.

మెట్ల కింద నుంచి, తలుపుల్లేని గదుల్లోంచి, చెక్కల చాటు నుంచి మనుషులు బయటికొచ్చారు. అందరికన్నా చివర, ఎండిన నీళ్ల తొట్టిలోంచి దగ్గుకుంటూ అతని అక్కగారి భర్త వచ్చాడు. సైటుకి పెద్ద మేస్త్రీ ఆయనే.

ఇన్‌స్పెక్టరమ్మ టీ గ్లాసు కింద పెట్టింది.

"ముందు స్లాబ్ కానివ్వండి. పేర్లు తర్వాత రాసుకుంటాను. ఎవరూ పారిపోరు కదా?"

"ఇంకెక్కడికి పోతామండీ," అన్నాడు కాంట్రాక్టరు.

పొద్దుగూకేసరికి స్లాబ్ పూర్తయింది. పాతదీ కొత్తదీ కలిసిపోయాయి. అతనికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. చేతుల సిమెంటు కడుక్కోకుండానే అందరూ ఆవిడ ముందు వరసగా నిలబడ్డారు. బావ వంతు చివర వచ్చింది.

"ఎప్పట్నుంచి చేస్తున్నారు?"

"మా బావమరిదికి తాపీ పట్టుకోవడం నేర్పినప్పట్నుంచీ."

ఆవిడ ఆయన నెరిసిన తల వంక చూసింది. "అప్పట్నుంచీ వాటా కట్టి ఉంటే, ఈపాటికి ఇంట్లో కూర్చుని పింఛను తీసుకునేవారండీ."

కాంట్రాక్టరుకి తలెత్తబుద్ధి కాలేదు.

"నా పేరు ఒక్కసారి చదవండమ్మా, సరిగ్గా పడిందో లేదో," అన్నాడు బావ. ఆవిడ ఇంటిపేరుతో సహా చదివింది. ఆయన శ్రద్ధగా విని తలూపాడు.

ఆవిడ జీపు వెళ్లాక కాంట్రాక్టరు నెమ్మదిగా అన్నాడు. "రేపు మీరు రావద్దు బావా. ఇంట్లో రెస్టు తీసుకోండి."

"ఇప్పుడేం రెస్టురా? నా ఉద్యోగం ఇవాళే కదా మొదలైంది!" అని బావ తాపీ కడుక్కోవడానికి వెళ్లాడు.