గడిలో ఒకే పేరు

హెచ్‌వోడీ గారు సుష్మ ప్రాజెక్టు రిపోర్టును టేబుల్ మీది నుంచి తోసేశారు. ల్యాబ్ అసిస్టెంట్‌గా పక్కనే ఉన్న నేను వంగి తీశాను. నా భార్య చనిపోయిన ఏడాది ఈ పిల్ల తన క్యారియర్‌లో నాకూ ఓ గిన్నె సర్దుకొచ్చేది.

"బేస్ పేపర్ ఏదమ్మా?" అన్నారాయన.

నంద్యాలలో మా ఇంజనీరింగ్ కాలేజీ ఆచారం అది. విదేశంలో అచ్చయిన పరిశోధన పత్రం ఒకటి చూపించి, అందులో ఉన్నదే మళ్లీ చేయాలి. కొత్తది చేస్తే బేస్ పేపర్ ఉండదు. అది లేకపోతే పాసు ఉండదు.

సుష్మది కొత్తదే. ఆళ్లగడ్డలో వాళ్ల నాయన విశ్వేశ్వరయ్య విగ్రహాలు చెక్కుతాడు. కోత మిషన్లు వచ్చాక రాతి దుమ్ము పీల్చి ఆ వీధిలో ముగ్గురు చనిపోయారు. కోసేటప్పుడు చల్లే నీళ్లు ఎక్కువైతే రాతి మీద గుర్తుకు గీసిన గీత చెరిగిపోతుంది, తక్కువైతే దుమ్ము లేస్తుంది. ఎంత తుంపర చాలో ఆయన చేతికి తెలుసు. ఆ కొలతతో సుష్మ మిషన్‌కు పురుగుమందు స్ప్రేయర్ ముక్కు బిగించింది.

"మా నాయన చెప్పింటే చేసినా సార్."

"ఏ జర్నల్‌లో రాసినాడు మీ నాయన?"

వెనక ఎవరో నవ్వారు.

"రాయలేదు సార్. దగ్గుతాండాడు."

మధ్యాహ్నం నేను అన్నం తింటున్న క్యాంటీన్ వెనకే క్లాసంతా చేరింది.

"ఏదో ఒక పేపర్ అంటించు. పాసైనాక చూసుకుందాం," అన్నాడు సందీప్.

"అంతవరకూ మా నాయన ఉండాల కదప్పా."

శిరివెళ్ల రైతు కొడుకు మహేష్ లేచాడు. "నాది చైనా పేపర్. దాంతో మా చేనికి ఏమొచ్చె?"

"చైనాకే పోయి శనగ ఏసుకో," అంది సాయి ప్రియ. నవ్వులు ఆగాక నెమ్మదిగా అంది: "సార్ వాళ్లు సుష్మ మిషన్ ఆడేది చూసేదాకా, అందరం రిపోర్టులో బేస్ పేపర్ అని ఉండే గడిలో వాళ్ల నాయన పేరే రాద్దాం."

"అందర్నీ ఫెయిల్ చేస్తే?" అన్నారెవరో.

సందీపే ముందు పెన్ను తీశాడు.

మర్నాడు వైవా. శిల్పులు వస్తున్నారని తెలిసి హెచ్‌వోడీ గారు గేటుకు తాళం వేయించి, ముందర పోలీసు జీపు పెట్టించారు. తొలి బస్సులో సుష్మ వెంట ఆళ్లగడ్డ శిల్పులు మిషన్‌తో, రాయితో దిగారు. టీకొట్టు మరియమ్మ కరెంటు ఇచ్చింది. విశ్వేశ్వరయ్య రోడ్డు మీదే రాయి కోశాడు. దుమ్ము లేవలేదు. గీత చెరగలేదు. లోపల కిటికీల దగ్గర పిల్లలు చూస్తున్నారు. హెచ్‌వోడీ గారు కిటికీలు మూయించారు.

రోడ్డుకు అడ్డమని పోలీసులు తండ్రినీ కూతురినీ జీపు ఎక్కించారు. ఆయన తలకు తగలకుండా ఒక కానిస్టేబుల్ చేయి అడ్డం పెట్టాడు. తర్వాత అదే చేత్తో తలుపు వేశాడు. జీపులోంచి దగ్గు చాలాసేపు వినిపించింది.

హాల్లో మొదట సందీప్‌ను పిలిచారు.

"ఎవరీ విశ్వేశ్వరయ్య?"

"ఇప్పుడే జీపులో పంపిస్తిరి కద సార్."

ఆ గడి మీద ఎర్రగీత పడింది. తర్వాత మహేష్. ఇంకో గీత. సాయి ప్రియ. ఒక్కరూ పేరు మార్చలేదు. ముప్పయ్యో కాగితం దగ్గర పెన్నులో సిరా అయిపోయింది.

"ఇంకోటి ఇవ్వవయ్యా," అంటూ హెచ్‌వోడీ గారు నా వైపు చేయి చాచారు.

నా జేబులో ఎర్ర పెన్ను ఆయనకు కనిపిస్తూనే ఉంది. చేతులు కట్టుకుని పిల్లల వరుసలోకి వెళ్లి నిలబడ్డాను.