ముక్కాయన తల ఊపిన టీపొడి

ఆ వీధిలో టీపొడి ఎవరు కొన్నా ముందు ముక్కాయన తల ఊపాలి. అలాగని ఎవరూ రాసిపెట్టలేదు. దళారి నమూనా పొట్లం పట్టుకుని వచ్చాడంటే మొదట ఆయన కొట్టు మెట్లే ఎక్కుతాడు. ఆయన చిటికెడు పొడి అరచేతిలో పోసుకుని, రెండో చేతిని గూడులా కప్పి, నోటితో వెచ్చటి గాలి ఊది, కళ్లు మూసుకుని వాసన చూస్తాడు. తల నిలువుగా ఊగితే సాయంత్రానికల్లా పక్కనున్న పప్పుల కొట్లోనూ, ఆసుపత్రి ఎదుటి క్యాంటీన్‌లోనూ అదే సరుకు దిగుతుంది. అడ్డంగా ఊగితే దళారి పొట్లం మడిచి జేబులో పెట్టుకుని ఇంకో వీధి చూసుకోవాల్సిందే. ముప్పై ఏళ్లుగా ఇదే తంతు. ఆయన అసలు పేరు ఇంట్లోవాళ్లకు కూడా ఆలోచిస్తే తప్ప గుర్తురాదు.

ఆ ముక్కు పనిచేయడం మానేసి రెండు నెలలైంది.

జ్వరం వచ్చి తగ్గింది. ఒళ్లు నొప్పులు పోయాయి, దగ్గు పోయింది, వాటి వెనకే వాసనా పోయింది. మొదటి వారం జలుబనుకున్నాడు. తర్వాత ఎవరూ చూడకుండా సబ్బు, వెల్లుల్లి, కిరసనాయిలు ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. గాలి తప్ప ఏమీ లోపలికి వెళ్లలేదు. ఎవరికీ చెప్పలేదు. చెబితే ఇన్నాళ్లూ గౌరవంగా పిలిచిన పిలుపే రేపట్నుంచి ఎకసెక్కమైపోతుందని భయం. నెమ్మదిగా వస్తుందిలే అని సర్దిచెప్పుకుని, కళ్లతో చూసి తల ఊపడం మొదలుపెట్టాడు.

మొన్న దళారి కొత్త సరుకు తెచ్చాడు. మామూలు పొడి ధరలో సగం. నల్లగా, నిగనిగలాడుతూ, పలుకు పలుకూ ఒకే తీరుగా ఉంది. మరిగించి చూస్తే గ్లాసు ఎర్రగా మెరిసింది. ఇంత చవగ్గా ఎలా ఇస్తున్నాడన్న అనుమానం ముక్కాయనకు రాకపోలేదు. పూర్వమైతే దాన్ని ముక్కుకు అప్పజెప్పేవాడు. ఇప్పుడు దళారి ఎదురుగా నిలబడి మొహంలోకే చూస్తున్నాడు. ముక్కాయన తల నిలువుగా ఊపేశాడు.

మూడో రోజు పొద్దున్నే దర్జీ ఆవిడ పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏం పొడి ఇచ్చావు తల్లీ నాకు?" అంది కొట్లో ఉన్న కోడలితో. "చవక చీర మొదటి ఉతుకులో వదిలినట్టు వదులుతోంది రంగు. రుచి మాత్రం వేడినీళ్లే నయం."

"అదేం మాట వదినా! మావయ్య స్వయంగా చూసిన సరుకది."

"మీ మావయ్య ముక్కుతో చూశాడు, నేను నాలుకతో చూశాను. పోనీ ఇది చూడు." సంచిలోంచి తెల్లగుడ్డ తీసి పరిచింది. "ఇస్త్రీ చేద్దామని తడిపి పెట్టాను. నాలుగు పలుకులు పడ్డాయి, అంతే."

గుడ్డ మీద నాలుగు చోట్ల గులాబీ రంగు మచ్చలు. ముక్కాయన తక్కెడ పళ్లెం తుడుస్తున్నవాడు తుడుస్తూనే ఉండిపోయాడు.

కోడలు కాలేజీలో రసాయనశాస్త్రం చదివింది. ఆ ఇంటికి డిగ్రీ పట్టా మొదట వచ్చింది ఆమెతోనే. రెండు గాజు గ్లాసుల్లో చన్నీళ్లు పోసింది. ఒకదాంట్లో పాత డబ్బాలోని పొడి చల్లింది, రెండోదాంట్లో కొత్త బస్తాలోది. పాత పొడి నీళ్ల మీద తేలుతూ బద్ధకంగా కూర్చుంది. కొత్తది అడుగుకు చేరకముందే ఎర్రటి దారాలు వదిలింది. నాలుగు అంకెలు లెక్కపెట్టేలోపు గ్లాసంతా ఎరుపు.

"మంచి టీ చన్నీళ్లలో ఇంత తొందరగా రంగు దిగదు మావయ్యా. దీనికి పైన రంగు పట్టించారు. వాడేసిన పిప్పిని ఎండబెట్టినట్టున్నారు. ఏ రంగు వాడారో తెలీదు, మనుషులు తాగకూడదు." ఆమే కోపంగా అంది. "ఆ దళారి వెధవ నమూనా ఒకటి చూపించి బస్తా ఇంకోటి దించాడు. లేకపోతే మీ ముక్కు తప్పడమేంటి?"

"అంతే అయ్యుంటుంది," అంది దర్జీ ఆవిడ. "పాపం, పెద్దాయన్ని మోసం చేశాడు."

ఇద్దరూ ఆయన వైపు జాలిగా చూశారు. అవునంటే చాలు, పేరు నిలుస్తుంది. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ నమూనా పొట్లం బల్ల సొరుగులో ఉంది. అలాంటి పొట్లాలే పప్పుల కొట్లోనూ, క్యాంటీన్‌లోనూ ఉన్నాయి. బస్తా మార్చాడని తను చెబితే వాళ్లేం చేస్తారు? నమూనా పక్కన తమ బస్తా పెట్టి పోల్చుకుంటారు. రెండూ ఒకటే అని తేలుతుంది. మాకు మంచిదే వచ్చిందని ధీమాగా కాచి పోస్తారు. ఆసుపత్రి బెంచీల మీద కూర్చున్నవాళ్లు దాన్నే తాగుతారు.

ముక్కాయన సొరుగు లాగి పొట్లం తీశాడు. "ఇది కూడా వెయ్యమ్మాయ్."

మూడో గ్లాసూ ఎర్రబడింది.

"వాడు మార్చలేదు," అన్నాడు. "నేను తల ఊపింది దీనికే. నాకు వాసన తెలియడం లేదు. జ్వరం వచ్చినప్పటినుంచీ."

కోడలు చేతిలోని పొట్లం బల్ల మీద పెట్టేసింది. "మరి మొన్న పాలు మాడితే మీరూ వంటింట్లోకి పరుగెత్తారు కదా!"

"మీరంతా ఎందుకు పరుగెత్తుతున్నారో తెలియలేదమ్మా. అందరితోపాటు నేనూ లేచాను."

దర్జీ ఆవిడ తెల్లగుడ్డ మడతపెట్టుకుంటూ తల దించుకుంది. నవ్వాలో ఏడవాలో తెలియని మొహం ఆమెది.

ముక్కాయన బస్తా మూతి బిగించి కట్టి లోపల పెట్టించాడు. కోడలికి కొట్టు అప్పజెప్పి, నమూనా పొట్లం, నీళ్ల సీసా, ఒక గాజు గ్లాసు పట్టుకుని వీధిలోకి దిగాడు.

పప్పులాయన గ్లాసు చూశాడు, ముక్కాయన చెప్పింది విన్నాడు. ఆ తర్వాత తొడ చరిచాడు. "ఓరి నీ అసాధ్యం కూలా! పోయిన నెల మా గోదాంలో ఎలక చచ్చి అందరూ పారిపోతే, నువ్వొక్కడివే గంటసేపు కూర్చుని కబుర్లు చెప్పావు. ఎంత మంచి స్నేహితుడో అని ఇంట్లో చెప్పుకుని మురిసిపోయాను!"

ముక్కాయనకూ నవ్వొచ్చింది. రెండు నెలల్లో అదే మొదటిసారి.

క్యాంటీన్ ఆవిడ నవ్వలేదు. గ్లాసు ఎర్రబడగానే పొయ్యి ఆపేసి, మరుగుతున్న గిన్నె ఎత్తి తూములో వంచేసింది. "నీ మాట మీద పోస్తున్నాను బాబాయ్ ఇక్కడ టీ. పసిపిల్లల్ని ఎత్తుకుని వస్తారు, రాత్రంతా నిద్రలేని వాళ్లొస్తారు. అప్పుడే చెబితే ఏం, నీ ముక్కు కోసేవాళ్లమా?"

"చెప్పాల్సింది," అన్నాడాయన.

ఆవిడ గిన్నె కడిగి బోర్లించి, కొంగుతో చేతులు తుడుచుకుంది. కోపం ఇంకా దిగలేదు. "నిలబడతావేం, కూర్చో. మధ్యాహ్నానికి ఏ పొడి వాడాలో అదన్నా చెప్పు."

"పాత డబ్బాలోది ఉంది. పంపిస్తాను. ముందు చన్నీళ్లలో వేసి చూసుకో."

"చూసుకుంటాలే. ఇక మీదట నువ్వు పంపినా చూసుకుంటా."

ఆ మాట చురుక్కుమంది. సబబేనని తోచింది కూడా.

తిరిగి వచ్చేసరికి కోడలు బస్తా మీద "అమ్మరాదు" అని రాసి కాగితం అంటించింది. కొన్నవాళ్లలో మిగిలిన ఇద్దరికీ కబురు పంపింది. ముక్కాయన చేతులు కడుక్కుని, పాత డబ్బా మూత తీసి, చిటికెడు పొడి ఆమె అరచేతిలో పోశాడు.

"రంగు సంగతి నీ గ్లాసు చెబుతుంది. పాతబడిందా, తేమ పట్టిందా, పిప్పి కలిసిందా, అది చెప్పదు. రెండో చెయ్యి మూత పెట్టు. ఊదు."

ఆమె ఊది వాసన చూసింది. "టీ వాసనే మావయ్యా."

"అది అందరికీ వచ్చేదే. కళ్లు మూసుకో. తొందరేం లేదు."

ఆమె కళ్లు మూసుకుంది. "ఎండుగడ్డి... తడిసి ఆరిన చెక్క... అడుగున ఏదో తియ్యగా ఉంది. తేనె మాత్రం కాదు."

"ఖర్జూరం."

"అవును! ఖర్జూరమే!" ఆమె కళ్లు తెరిచేసింది. "మీకు తెలుస్తోందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. తర్వాత ఇంకో డబ్బా కిందికి దించి, మూత తిప్పుతూ, "దీంట్లో ఏముందో చెప్పు," అన్నాడు.