ఉల్టా నట్టు

సాగర్ ఆటపట్టించిన మనిషి నవ్వకుండా ఉన్న దాఖలా కోరుట్లలో లేదు. ఇది సాగర్ మాట. కావాలంటే ఎవరినైనా అడగండి అని కూడా అనేవాడు. అడగకపోవడమే నయం. నీళ్ళ ట్యాంకులో రబ్బరు పాము వేసినందుకు పక్కింటి శారద మూడు రోజులు స్నానం మానేసింది, నవ్వలేదు. ఐటీఐలో కుర్చీకి చిన్న షాకు పెట్టినందుకు అక్కడి సారు రిటైరయ్యేదాకా నిలబడే పాఠం చెప్పాడు, నవ్వలేదు. బ్రేకు తొక్కితే హారను మోగేలా వైర్లు కలిపినందుకు మేనమామ జగిత్యాల రోడ్డు మీద బ్రేకు జోలికే వెళ్ళకుండా పోయి, ఒక బర్రెను గుద్ది ఆగాడు. బర్రె కూడా నవ్వలేదు.

ఎలక్ట్రీషియన్ కోర్సు పాసయ్యాడు గనక సాగర్ వేషాలన్నీ కరెంటుతోనే. వాటిలో పెద్ద వాటా బావ మధుకర్‌ది. బావా బామ్మర్దుల మధ్య అది ఎవరూ అడ్డుచెప్పని హక్కు.

మధుకర్ వాళ్ళది ఎల్లంతకుంట దగ్గర కూలి చేసుకునే కుటుంబం. పదిహేనేళ్ళ వయసులో సిరిసిల్ల వచ్చి మరమగ్గాల షెడ్డులో చేరాడు. పద్దెనిమిదేళ్ళు అవే మగ్గాలు నడిపాడు. నిరుడు షెడ్డు యజమాని వాటిని పాత ఇనుముకు అమ్మేశాడు. విప్పి లారీకెక్కించింది కూడా మధుకరే. ఒక మోటారు, కొంత ఇనుము నువ్వుంచుకో అన్నాడు యజమాని. షెడ్డు తాళంచెవి అడగడం మరిచిపోయాడు, లేదా మరిచినట్టు ఉన్నాడు. ఆ షెడ్డుకు ఆనుకొని ఉన్న గదిలోనే మధుకర్, సాగర్ అక్క కవిత కాపురం.

రెండు నెలలు ఫోన్లో వీడియోలు చూసి, కట్టెకోత మిషను సొంతంగా చేస్తానన్నాడు మధుకర్. రెండు చక్రాలు, వాటి చుట్టూ పళ్ళున్న రంపం పట్టీ. కింది చక్రాన్ని మోటారు తిప్పుతుంది, పట్టీ బల్లలోంచి కిందికి దిగుతూ కట్టెను కోస్తుంది. చెప్పడానికి ఇంతే. చేయడానికి నాలుగు నెలలు పట్టింది. మగ్గం ఇనుముతో చట్రం అతికించాడు. ప్లైవుడ్ ముక్కలు మూడేసి అంటించి, గుండ్రంగా చెక్కి, అంచుకు సైకిల్ ట్యూబు తొడిగి చక్రాలు చేశాడు. పట్టీ బిగువుగా ఉండటానికి పై చక్రం కింద పాత బండి స్ప్రింగు పెట్టాడు. కింది చక్రానికి ఇరుసూ నట్టూ మాత్రం జగిత్యాలలో లేత్ మిషను నడిపే దేవదాస్ చేసిచ్చాడు.

చక్రం చెక్కిన ప్రతిసారీ తెచ్చి కవిత ముందు పెట్టేవాడు. ఆమె చాట ఒళ్ళో పెట్టుకొని బీడీలు చుడుతూ ఉండేది. పెళ్ళికి ముందు కోరుట్లలో, పెళ్ళయ్యాక సిరిసిల్లలో ఆ చాట ఒళ్ళోంచి దిగిన రోజులు తక్కువ.

"చూడు, గుండ్రంగ ఉన్నదా లేదా?"

"గుండ్రంగనే ఉన్నది. గిట్లాంటి రొట్టె నేను జేస్తె నువ్వు తింటవా?"

మధుకర్ వెళ్ళి మళ్ళీ చెక్కేవాడు. ఏడో చక్రానికి ఆమె తల ఊపింది. మగ్గాలు పోయాక మధుకర్ ముఖంలో నవ్వు కనబడింది ఆ రోజేనని ఆమె తల్లికి ఫోన్లో చెప్పింది. అవసరమైతే మగ్గాల పనికి మహారాష్ట్రలోని భీవండి పోతానని అంతకుముందు సంచి సర్దిన మనిషి, ఆ సంచిలోంచి బట్టలు తీసి తీగ మీద ఆరేశాడు.

వైరింగ్‌కు సాగర్‌ను పిలిపించారు. ఒక పగలు పని. స్టార్టరు పెట్టి, మూడు ఫేజుల వైర్లు బిగించి, మోటారు వేసి చూశారు. సరిగ్గా తిరిగింది.

షెడ్లలో ఒక పాత ఆట ఉంది. పనికి కొత్తగా వచ్చినవాడి మగ్గం మోటారుకు రెండు వైర్లు అటూ ఇటూ మార్చేస్తారు. మోటారు ఉల్టా తిరుగుతుంది. వాడు బెదిరి బయటికి ఉరుకుతాడు, అందరూ నవ్వుతారు, నాలుగు దారాలు తెగుతాయి, అంతటితో సరి. సాగర్ పదో తరగతి సెలవుల్లో అక్క ఇంటికి వస్తే మధుకర్ ఆ ఆట అతని మీదే ఆడాడు. చెప్పులు వదిలేసి వెనక బజారు దాకా ఉరికాడు సాగర్. ఆ బాకీ ఆరేళ్ళుగా అతని కడుపులో ఉంది.

మరునాడు పొద్దున మిషను మొదలుపెట్టడానికి మధుకర్ కొబ్బరికాయ తేవడానికి వెళ్ళాడు. కవిత చక్రాలకూ బల్లకూ బొట్లు పెట్టి, పసుపు గిన్నె పెట్టి రావడానికి గదిలోకి పోయింది. సాగర్ స్టార్టరు మూత తీసి రెండు వైర్లు మార్చాడు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆలోచించే చేశాడు. రంపం పళ్ళు వెనక్కి పోతే కోయవు, ఊరికే రుద్దుతాయి. నాలుగు నెలలు చెక్కిన మిషను మీసం వెంట్రుకైనా కోయకపోతే బావ ముఖం ఎలా ఉంటుందో చూడాలి. గంటసేపు చూడాలి. తర్వాత చెప్పాలి.

కొబ్బరికాయ కొట్టారు. మధుకర్ వేపపలక ఒకటి బల్ల మీద పెట్టి, కవిత వైపు తిరిగాడు.

"నువ్వే వట్టు."

"నాకెందుకు? నీ మిషను నువ్వే మొదలువెట్టు."

"నువ్వు కూసోని బీడీలు చేసే పీటకే గీ పలక. నీ చేతితోనే కానీ. నేను పక్కన్నే ఉంట."

సాగర్ చేయి స్విచ్చు మీద ఉంది. ఆగు అక్కా అనడానికి నోరు తెరిచాడు. అంటే ఆట పోతుంది. ఊరికే రుద్దే రంపం ఎవరు పట్టుకుంటే ఏమిటి అనుకున్నాడు. అక్క భయపడితే ఇంకా బాగుంటుంది అని కూడా అనుకున్నాడు. స్విచ్చు నొక్కాడు.

చక్రాలు తిరిగాయి. వేగంలో ఎటు తిరుగుతున్నాయో తెలియదు, పట్టీ ఒక తెల్లటి గీతలా కనబడింది. కవిత పలకను దాని మీదికి జరిపింది.

"ఏందిది, పలకను పైకి లేపుతున్నది?"

"కొత్త పళ్ళు గట్లనే ఉంటయి. గట్టిగ అదిమివట్టు," అన్నాడు మధుకర్.

ఆమె అదిమింది. కింద ఏదో గలగలమంది. సాగర్ స్విచ్చు ఆపేలోపే నట్టు ఊడి కింది చక్రం ఇరుసు మీంచి జారింది, పట్టీ వదులై కొరడాలా బయటికి దూకింది. కవిత అరవలేదు. తన కుడిచేతి వైపు చూసింది. బల్ల మీద పసుపు బొట్ల పక్కన ఏం పడి ఉన్నాయో ముందు ఆమే గుర్తుపట్టింది.

మధుకర్ చొక్కా విప్పి చేయి చుట్టి ఆమెను ఆటోలో ఎక్కించాడు. "మెయిన్ బందు జేసి రా," అని సాగర్‌కు అరిచి వెళ్ళిపోయాడు.

షెడ్డులో సాగర్ ఒక్కడే మిగిలాడు. మెయిన్ ఆపాడు. స్క్రూడ్రైవరు తీసి, ఆ రెండు వైర్లను మళ్ళీ ఎక్కడివక్కడ పెట్టాడు. ఐటీఐ పరీక్షలో కూడా అంత శ్రద్ధగా వైరింగ్ చేయలేదు. మూత బిగించాడు. నేల కడిగాడు. అప్పుడు ఆసుపత్రికి వెళ్ళాడు.

చూపుడువేలు, నడివేలు పోయాయి. అతికించడానికి వీల్లేకుండా నలిగాయని డాక్టరు చెప్పాడు. బీడీ చుట్టేది ఆ వేళ్ళతోనే.

తల్లి చిన్నవ్వ వచ్చి కవితను కోరుట్ల తీసుకుపోయింది. తండ్రి సమ్మయ్య ఆసుపత్రి మెట్ల మీదే మధుకర్‌తో మాట్లాడాడు, గొంతు పెంచకుండా.

"రెండు చేతులతోటి ఇచ్చిన నా బిడ్డను. పదివేళ్ళతోటి ఇచ్చిన. ఒక నట్టు బిగియ్యరానోనివి నీకు మిషనెందుకయ్యా?"

"నాదే తప్పు మామా."

"తప్పని అందరంటరు. ఇగ నా బిడ్డ నీ ఇంటికి రాదు."

మధుకర్ తల ఎత్తలేదు. ఆ నట్టు ఉల్టా మరలది. అందరి నట్లు కుడివైపు తిప్పితే బిగుస్తాయి, అది ఎడమవైపు తిప్పితే బిగుస్తుంది. చేతి అలవాటు కొద్దీ బిగిస్తున్నాననుకొని విప్పేశానని మధుకర్ నమ్మాడు. అందరికీ అదే చెప్పాడు. సాగర్‌కైతే మూడుసార్లు చెప్పాడు. "నాలుగు నెలలు చేసిన బామ్మర్ది. ఆఖరుకు గదొక్కటి నా చేతితోటి ఇప్పుకున్న." మూడుసార్లూ సాగర్ "ఊకో బావా, ఎవలకైనా అయితది," అన్నాడు. ఓదార్చడంలో కూడా తనకు చేయి తిరిగిందని అప్పుడే తెలిసింది.

కోరుట్లలో నెల గడిచింది. కవిత కట్టు విప్పారు. చిన్నవ్వ ఆకు కత్తిరించి ఇస్తే, ఆమె ఎడమచేత్తో చుట్టడం మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా చుట్టినవి పదకొండు. అందులో తొమ్మిది విప్పుకున్నాయి. సాగర్ అటు వెళ్ళకుండా ఇంటి వెనక నుంచి తిరిగేవాడు. ఎవరినీ ఆటపట్టించడం లేదు. పిల్లగానికి అక్క మీద ఎంత ప్రేమో అని వాడకట్టంతా అనుకుంది. నాగవ్వ అనే ముసలామె వాడికి దిష్టి కూడా తీసింది.

ఒకరోజు మధుకర్ భుజాన గోనెసంచితో వచ్చాడు. రుద్రంగి మీదుగా వచ్చే బస్సులో నిలబడే వచ్చాడట. సమ్మయ్య అరుగు మీంచి లేవలేదు, లోపలికి రమ్మనలేదు. చిన్నవ్వ నీళ్ళిచ్చింది. గుమ్మంలోంచి కవిత చూసింది. కుడిచేయి కొంగులో ఉంది.

"భీవండి వోతున్న మామా. మిషను ఇనుముకు ఏసిన. గీ ఇరుసు, నట్టు దేవదాసన్నకు వాపసిచ్చి, అటునుంచి అటే వోత. ఒకసారి చూసి పోదామని వచ్చిన."

"చూసినవు గదా," అన్నాడు సమ్మయ్య.

సంచి బరువుగా ఉందని సాగర్‌ను తోడు పంపింది చిన్నవ్వ. జగిత్యాల బస్సులో సంచిని ఇద్దరి కాళ్ళ మధ్య పెట్టుకున్నారు.

దేవదాస్ పెద్దవాడు. వేళ్ళ సందుల్లో నూనె ఇంకిపోయిన మనిషి. ఇరుసును కళ్ళ దగ్గర పెట్టుకొని చూశాడు, నట్టు ఎక్కించి దింపాడు.

"మరలు మంచిగనే ఉన్నయి. ఇదెట్ల ఊడింది?"

"నేనే బిగియ్యలేదన్నా. ఉల్టా ఇప్పిన."

"ఇప్పితే ఏమైతది? నేను ఉల్టా మర కోసిందే అందుకు. నువ్వు సగం చుట్టే ఎక్కియ్యి, మోటారు ఎయ్యంగనే చక్రం దాన్ని అదే బిగించుకుంటది. తిరిగినకొద్ది బిగుస్తది. నువ్వు ఇడిసినా అది ఇడువది." నట్టును మధుకర్ అరచేతిలో పెట్టాడు. "గిది ఊడిందంటే ఒక్కటే. మోటారు ఉల్టా తిరిగింది."

మధుకర్ నట్టును అటూ ఇటూ తిప్పి చూశాడు. "పలకను పైకి లేపుతున్నదని కవిత అన్నది," అన్నాడు మెల్లగా.

సాగర్‌కు మాట చక్కగా వచ్చింది. "ఫేజు మారి ఉంటది బావా. ఆ పొద్దున లైన్ల ఏదన్న పని జేసి ఉంటరు."

"ఉంటది," అన్నాడు దేవదాస్. "అట్లయితే ఆ లైను మీద అన్ని మోటార్లు ఉల్టా తిరగాలె."

"పక్క షెడ్డుల పన్నెండు మగ్గాలు నడుస్తున్నయి ఆ పొద్దున," అన్నాడు మధుకర్. "నేను కొబ్బరికాయ తెస్తుంటె సప్పుడు విన్న. ఒక్కటి ఆగలె." నట్టును బల్ల మీద పెట్టాడు. "మొన్న అమ్మేటప్పుడు అదే స్టార్టరుతోటి మోటారు ఏసి చూపిచ్చిన. సీదానే తిరిగింది. మిషను సురువు చేసే ముందు నాడు సీదా. మొన్న సీదా. ఆ ఒక్కపూట ఉల్టా." తల తిప్పి సాగర్‌ను చూశాడు. "స్టార్టరు మూత నువ్వు తప్ప ఎవరు తీయలె."

సాగర్ ఇంకో మాట వెతికాడు. పుట్టిన దగ్గర్నుంచీ మాటలకు కరువు లేనివాడు.

"నేనే," అన్నాడు. "ఊకెనే జేసిన బావా. రుద్దుతదనుకున్న."

దేవదాస్ లేచి లేత్ మిషను దగ్గరికి పోయి నిలబడ్డాడు. మధుకర్ కొట్టలేదు. కొడతాడేమోనని సాగర్ ఎదురుచూశాడు, కొడితే బాగుండుననిపించింది.

"నడువ్. కోరుట్లకు."

"బావా, బాపు చంపుతడు."

"నేను చెప్పను. మీ అక్కకు నువ్వే చెప్పాలె."

పొద్దు వాలకముందే కోరుట్ల చేరారు. సమ్మయ్య అరుగు మీదే ఉన్నాడు. మధుకర్ వాకిట్లో ఆగిపోయాడు. సాగర్ అతన్ని దాటి పోయి కవిత చాట ముందు కూర్చున్నాడు. చిన్నవ్వ ఆకు కత్తిరిస్తూ తల ఎత్తింది. సాగర్ మొదటి నుంచీ చెప్పాడు. వైర్లు మార్చింది చెప్పాడు. అందరూ ఆసుపత్రికి పోయాక మళ్ళీ సరిచేసింది చెప్పాడు. నట్టు నేనే విప్పుకున్నానని బావ ఏడుస్తుంటే పక్కన కూర్చుని విన్నది కూడా చెప్పాడు. చిన్నవ్వ చేతిలో కత్తెర ఆగిపోయింది. అరుగు మీద సమ్మయ్య లేచిన చప్పుడయింది.

కవిత కుడిచేత్తో తండ్రిని ఆగమంది. ఆ చేయి కొంగులోంచి బయటికి రావడం అందరూ చూశారు.

"నేను పలక వట్టుకునేటప్పుడు నువ్వు చూస్తున్నవా?"

"చూస్తున్న."

"ఉల్టా తిరుగుతదని అప్పుడు నీకు ఎరికేనా?"

"ఎరికేనక్కా."

"మరి ఎందుకు ఏసినవ్?"

అబద్ధాలన్నీ అయిపోయాయి.

"నవ్వొస్తదనుకున్న," అన్నాడు సాగర్.