మూడు చోట్ల నీళ్ళు

ఆయన ప్యాంటు మీద మూడు చోట్ల మట్టి ఉంది. మోకాలి దగ్గర కొండవైపు ఎర్రమట్టి, కింది అంచున ఏటివైపు ఒండ్రు, వెనక మైదానంలోని నల్లమట్టి. ఉద్యోగంలోంచి దిగిపోయాక కాస్త భూమి కొని, రెండు గదులు వేసుకుని, కూరగాయలు పండించుకుంటూ బతకాలని ఆయన కోరిక. అందుకని భార్యాభర్తలు వారం రోజులు తిరిగారు. చూసింది ఇద్దరూ. ఉతికేది ఆమె.

ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే గదిలో ముప్పై ఏళ్ళు పనిచేసింది. నీళ్ళ గుణం సబ్బు చెబుతుందని అక్కడే తెలుసుకుంది. అందుకే వెళ్ళిన ప్రతిచోటా సంచిలోని సబ్బుముక్క తీసి, అక్కడి నీళ్ళతో అరచేతిలో రుద్ది చూసింది. కొండ ఊటనీళ్ళకు నురగ పొంగింది. కానీ ఊట దిగువన, ఇల్లు కట్టే చోటు ఎగువన. రోజుకు పది బిందెలు మోయాలి, ఆయన స్నానానికే నాలుగు. ఏటినీళ్ళూ మంచివే. అయితే పక్కింటి గోడమీద వరద చార ఆమె భుజాల ఎత్తున ఉంది. మైదానంలో బావినీళ్ళకు మాత్రం సబ్బు విరిగి తునకలుగా చేతికి అంటుకుంది. ఒట్టి ఉప్పునీళ్ళు. అవి పోస్తే వంగనారు నెల తిరక్కుండా మాడిపోతుంది.

ఆ మాటే అంది. భూమి బ్రోకరు పక్కనే ఉన్నాడు.

"భూమి కొనేది బట్టలుతకడానికటే?" అన్నాడాయన. బ్రోకరు నవ్వాడు. నవ్వే మనిషి దొరికితే ఆయన ఆగడు. "మా ఇంట్లో సబ్బు ఇంజనీరు ఉందయ్యా. చూడు, నువ్వు చేతులతో బతికినదానివి, చేతులతోనే ఉండు. తల సంగతి నేను చూసుకుంటాను."

మైదానమే ఖాయం చేశాడు. చదునట, రోడ్డు పక్కనట. కొండ వద్దన్నది నీళ్ళ మోతకు కాదు; ఆ మాట ఆమె ఎత్తితే, మోసేది నేను కాదుగా అన్నాడు.

ప్యాంటు పిండుతుంటే ఆ నవ్వు చెవిలోనే ఉంది. కొత్తకోడలిగా ఉన్నప్పుడు, ఆసుపత్రి చేతులతో వడ్డించొద్దని అత్తగారు మూడుసార్లు కడిగించేది. అవే చేతులతో తెచ్చిన జీతానికి మాత్రం ఏ అంటూ లేదు. ఆయన పక్కనే కూర్చుని తినేవాడు, నోరెత్తేవాడు కాదు. ఇప్పుడు ఎత్తుతున్నాడు. సరే, ఎత్తనీ.

చెల్లెలింటికని చెప్పి రెండు రోజులు వెళ్ళొచ్చింది. వెళ్ళింది కొండకి. ఆసుపత్రివాళ్ళు ఉద్యోగం చివర్లో ఇచ్చిన డబ్బుతో ఊట పైనున్న భూమి చెక్క తన పేరు మీద రాయించుకుంది.

మైదానం రిజిస్ట్రేషన్ రోజు పొద్దున ఆయన చొక్కా గుండీ పెట్టుకుంటూ ఆగాడు.

"ఇంతకీ ఆ నీళ్ళు మరీ అంత చెడ్డవంటావా?"

కాపురానికొచ్చాక ఆయన ఆమెను సలహా అడగడం అదే మొదలు. ఒక్క మాట చాలు, మనిషి ఆగిపోతాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. మింగాక కడుపులో చల్లగా ఉంది.

"తల సంగతి మీరు చూసుకుంటానన్నారుగా" అంది, మెల్లగా.

"అదీ మాట" అని ఆయన హుషారుగా వెళ్ళి సంతకం పెట్టొచ్చాడు.

సామాను లారీకెక్కించే రోజు ఆమె పెట్టె ఒక్కటే గుమ్మంలో మిగిలింది. అదెందుకు ఎక్కించలేదన్నాడు. అది కొండకి వెళ్తుందని చెప్పింది. తన పేరు మీదున్న కాగితం చూపించింది.

"నీకేమన్నా మతిపోయిందా? అక్కడ రోజూ పది బిందెలు ఎవరు మోస్తారే?"

"పది మనిద్దరికి" అంది. "నా ఒక్కదానికి రెండు చాలు."